గంగలో వదిలిన ఆ 20 తాబేళ్లు నిలుస్తాయా?

నాగావళి ఒడ్డు | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. కార్తీకంలో అమ్మను కాశీ తీసుకువెళ్లి వచ్చాను. కేదార్ ఘాట్ దగ్గర పడవ ఎక్కగానే అమ్మ అడిగిన మొదటి మాట, "ఇక్కడ తాబేళ్లు కనబడవా?" అని. మాది శ్రీకాకుళం జిల్లా. శ్రీకూర్మం గుళ్లో తాబేళ్లకు ఆకుకూర పెడుతూ పెరిగిన మనిషి. నాకు వచ్చిన హిందీలో పడవతన్ని అడిగాను. తాత చెప్పగా విన్నానని, తను మాత్రం ఎప్పుడో ఒకటి చూశానని అన్నాడు. అమ్మ ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి బసలో కూర్చుని వెతికితే ఒక వార్త కనిపించింది. 2025 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని హైదర్‌పూర్ చిత్తడి నేల దగ్గర 20 తాబేళ్లను గంగలో వదిలారట. నెత్తి మీద ఎర్రచారలు ఉండే జాతి, చాలా అరుదైనదట. గంగంత నదికి 20 ఏ మూలకు సరిపోతాయి? వాటిని ఎక్కడి నుంచి తెచ్చారు? తెలిసినవారు కాస్త వివరంగా చెబితే అమ్మకు చదివి వినిపిస్తాను.

చర్మణ్వతి | సోమవారం, రాత్రి 11.15

నాగావళి గారూ, మీ అమ్మగారికి నా నమస్కారాలు. రైల్వే ఉద్యోగం మీద ఆరేళ్లు ఆగ్రాలో ఉన్నాను. రెండు రోజులు సెలవు దొరికితే చంబల్ ఒడ్డుకు వెళ్లిపోయేవాణ్ణి. నా పేరు చూస్తే మీకే అర్థమై ఉంటుంది, చంబల్ నదికి పాత పేరే అది.

మీరు చదివిన తాబేలును చంబల్ పల్లెల్లో సాల్ అంటారు. దానికి దగ్గరి చుట్టం మరొకటి అదే నదిలో ఉంది, దాన్ని ఢోర్ అంటారు. హిందీ పత్రికలు మొదటిదాన్ని లాల్ తిలక్‌ధారీ కఛువా అని రాస్తాయి. శాస్త్రనామం బటాగుర్ కచుగా. తెలుగులో దానికి పేరు నేను వినలేదు. ఇక్కడ మాట్లాడుకోవడానికి తిలకం తాబేలు అందాం. ఆ పేరు మగదానికే బాగా నప్పుతుంది. జతకట్టే కాలంలో మగదాని నెత్తి కుంకుమరంగు తిరుగుతుంది, మెడ మీద ఎరుపు, పసుపు, నీలం చారలు తేలతాయి. ఆడది ఏ రంగూ లేకుండా ఉంటుంది కానీ మగదానికి రెండింతలు పొడవు. డిప్ప 56 సెంటీమీటర్ల దాకా, బరువు 25 కిలోల దాకా పెరుగుతుంది.

ఒకప్పుడు గంగ, దాని ఉపనదులు, బ్రహ్మపుత్ర, అటు నేపాల్, ఇటు బంగ్లాదేశ్, అన్నిచోట్లా ఉండేది. ఇప్పుడు తనంతట తాను నిలబడగలిగినన్ని మిగిలింది చంబల్‌లోనే. గుడ్లు పెట్టే వయసుకు వచ్చిన ఆడవి 500 కూడా ఉండవని అంచనా. ప్రపంచం మొత్తానికి అంతే.

చంబల్‌లోనే ఎందుకు మిగిలిందో కూడా చెప్పాలి. చర్మణ్వతి అంటే పురాణాల్లో రంతిదేవుడి యజ్ఞపశువుల చర్మాల నుంచి పుట్టిన నది. ద్రౌపది శపించిందనీ అక్కడివాళ్లు చెబుతారు. అందుకని ఆ నీటిలో పుణ్యస్నానాలు లేవు, ఒడ్డున మహానగరాలు లేవు. లోయల్లో బందిపోట్లు ఉన్న రోజుల్లో కొత్తవాళ్లు అటు అడుగు పెట్టేవారు కాదు. 1979 నాటికి మొసళ్లలో అరుదైన ఘరియాల్ కోసం అభయారణ్యం ఏర్పడింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ మూడింటిలోనూ అది విస్తరించి ఉంది. ఘరియాల్ కోసం కాపాడిన నీటిలో ఈ తాబేలూ బతికింది.

మీరు అడిగిన 20 తాబేళ్లు ఇటావా దగ్గరి గఢాయితా తాబేళ్ల సంరక్షణ కేంద్రంలో పెరిగినవి. ఒక్కొక్కదానికి ధ్వని సంకేతాలు పంపే చిన్న పరికరం అమర్చారు. కొన్నింటిని హైదర్‌పూర్‌లోని బ్యారేజీకి ఎగువన చిత్తడి నేలలో, మిగిలినవాటిని దిగువన నది పాయలో వదిలారు. ఏ పద్ధతిలో అవి స్థిరపడతాయో చూడడానికే ఈ రెండు జట్లు. గంగను నింపడానికి 20 చాలవన్నది నిజం. ఎక్కడ వదలాలో తెలుసుకోవడానికి ఇది మొదటి అడుగు.

సీతానగరం | మంగళవారం, ఉదయం 6.50

గంగలో తాబేళ్లు శవాలు తింటాయని, అందుకే ప్రభుత్వం వదిలిందని చిన్నప్పుడు చదివాను. ఇవి అవేనా? కాశీలో తాబేళ్ల అభయారణ్యం కూడా ఉందిగా?

చర్మణ్వతి | మంగళవారం, ఉదయం 8.05

కావండి. గంగను శుభ్రం చేయడానికి ప్రభుత్వం పెట్టిన గంగా కార్యాచరణ ప్రణాళిక కింద సారనాథ్ కేంద్రంలో పెంచి కాశీలో వదిలినవి ఎక్కువగా మెత్త డిప్ప తాబేళ్లు, మాంసం తినే రకం. తిలకం తాబేలు నీటిమొక్కలు తిని బతుకుతుంది. కాశీ అభయారణ్యం 1989లో ఏర్పడిన మాట నిజమే, 7 కిలోమీటర్ల నది. 2020లో దాన్ని రద్దు చేశారు. నాగావళి గారి అమ్మగారు అడిగిన ప్రశ్నకు సమాధానంలో ఇదీ ఒక భాగం. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

లంక రైతు | మంగళవారం, మధ్యాహ్నం 1.30

చర్మణ్వతి గారూ, ఒక అనుమానం. వేసవిలో ఏరు తగ్గగానే ఇసుకలో గోతులు తీసి, పెంట వేసి, పుచ్చ, దోస పాదులు పెట్టడం మా తాతల నాటి నుంచి ఉంది. చంబల్‌లో ఆ సాగు వల్ల కూడా తాబేళ్లకు చేటు అని ఎక్కడో చదివాను. మేము పెట్టే పాదు వల్ల తాబేలుకు ఏం నష్టం?

చర్మణ్వతి | మంగళవారం, రాత్రి 10.20

మంచి ప్రశ్న అడిగారు. నేను కళ్లారా చూసింది చెబుతాను.

తిలకం తాబేలు ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట ఇసుక తిన్నె ఎక్కుతుంది. వెనక కాళ్లతో గొయ్యి తీసి 11 నుంచి 30 దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పొట్టతో అదిమి వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూడదు. గుడ్లను పొదిగేది ఇసుక వేడే. పిల్లలు బయటికి వచ్చేది మే, జూన్ నెలల్లో, వానలు పడి నది పొంగేలోపు. మీరు పాదులు పెట్టే కాలం, అది గుడ్లు పెట్టే కాలం ఒకటే. పార పడిన చోట గూడు ఉంటే పోయినట్టే. పాదుకు నీళ్లు పోస్తే ఇసుక చల్లబడుతుంది. కాపలాకు వచ్చిన కుక్క గుడ్లు తవ్వుతుంది. రైతుకు దురుద్దేశం ఏమీ ఉండదు, గూడు అక్కడ ఉందని తెలియదు, అంతే.

ఒక మే నెలలో తెల్లవారుజామున నాలుగున్నరకు నన్ను ఒక ఒడ్డుకు తీసుకువెళ్లారు. వెదురు కర్రలు పాతి, చుట్టూ వల కట్టిన చోటు. మన పెరట్లో ఆకుకూర మడి ఎంత ఉంటుందో అంత. నది వెంట ప్రమాదంలో ఉన్న గూళ్లను వెతికి, గుడ్లు తెచ్చి, అదే లోతున ఇక్కడ మళ్లీ పూడుస్తారు. ప్రతి గూటికి ఒక పుల్ల, దానికి కట్టిన రేకు ముక్క మీద తేదీ, గుడ్ల సంఖ్య. కాపలా ఉన్న పెద్దాయన ఒకప్పుడు వల వేసి తాబేళ్లు పట్టినవాడే. ఆయనే చెప్పాడు, దాచుకోలేదు. ఒక పుల్ల దగ్గర ఇసుక కాస్త కుంగి ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో ఇసుక పక్కకు తీశాడు. ముందు ఒక ముక్కు కనిపించింది, దాని కొన మీద తెల్లటి చిన్న ముల్లు. పెంకు చీల్చుకోవడానికి పుట్టుకతో వచ్చేది, తరవాత రాలిపోతుంది. ఆ తరవాత ఒకదాని వెనక ఒకటి పదిహేడు. వీపు మధ్యలో రంపపు పళ్లలా మొనలు. ఒకదాన్ని ఆయన వెల్లకిలా తిప్పి చూపించాడు. పొట్ట మీద సొన సంచి అంటుకున్న గుర్తు ఇంకా తడిగా ఉంది. అరచేతిలో పట్టే ప్రాణం.

నీళ్లలో వదులుతారనుకున్నాను. కాదు. నీటికి కొంచెం దూరంలో తడి ఇసుక మీద పెట్టి పక్కకు జరిగాడు. అవే నడిచి వెళ్లాలట. తడి ఇసుకలో పదిహేడు సన్నటి గీతలు పడ్డాయి. కాసేపటికి అలలు వచ్చి చెరిపేశాయి.

వైశాఖి | బుధవారం, సాయంత్రం 5.45

చదువుతుంటే నేనూ అక్కడే ఉన్నట్టు అనిపించింది. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్ల గుడ్లు పొదిగించే హేచరీలో నాలుగు సీజన్లు పనిచేశాను. పిల్లల్ని వదిలే రోజు అందరూ వస్తారు. ఫోటోలు, పిల్లల సంబరం, పత్రికల వాళ్లు. అదే తీరానికి వలల్లో చిక్కి చనిపోయిన తల్లి తాబేళ్లు కొట్టుకొచ్చిన ఉదయం మేము ముగ్గురమే ఉన్నాం. గుడ్లు పొదిగించడం తేలిక, అందుకే అందరం అదే చేస్తున్నామా అని నాకు భయం. చంబల్‌లో కూడా వలల్లో చిక్కి పెద్ద తాబేళ్లు చనిపోతూ ఉంటే ఈ పిల్లల లెక్కలు దేనికి?

లెక్కల మాస్టారు | బుధవారం, రాత్రి 8.10

వైశాఖమ్మా, నీ భయం సరైనదే. పిల్లలకు పాఠం చెప్పినట్టు చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోకండి. ఒక ఆడ తాబేలు ఏటా 20 గుడ్ల చొప్పున 15 ఏళ్లు పెట్టిందని ఊహగా అనుకుందాం. 300 గుడ్లు. జాతి పెరగకుండా, తరగకుండా ఇలాగే ఉండాలంటే ఆ 300లో ఎన్ని పెద్దవై పిల్లల్ని కనాలి? తల్లి బదులు ఒకటి, తండ్రి బదులు ఒకటి. రెండే. మిగిలిన 298 నక్కకు, ఉడుముకు, కాకికి, చేపకు పోయినా జాతి నిలుస్తుంది. ఇప్పుడు ఆ తల్లి మూడో ఏటనే వలలో చిక్కి ఊపిరాడక పోయిందనుకుందాం. పెట్టింది 60 గుడ్లు. అదే లెక్కన సగటున వాటిలోంచి ఒక్కటి కూడా పెద్దదవదు. గుడ్ల నష్టం తట్టుకునేలా పుట్టిన జాతికి తల్లుల నష్టం తట్టుకునే శక్తి లేదు. పెద్దది కావడానికి పదేళ్లకు పైగా పట్టే ప్రాణి కదా, పోయినదాని చోటు నిండడానికీ అన్నేళ్లు పడుతుంది.

చర్మణ్వతి | బుధవారం, రాత్రి 9.30

మాస్టారూ, లెక్క కాదనను. కానీ చంబల్‌లో ఇప్పుడు జరుగుతున్నది ఆ లెక్కలోని మామూలు నష్టం కాదు. ఎగువన గాంధీసాగర్, రాణాప్రతాప్ సాగర్, జవాహర్ సాగర్, కోట బ్యారేజీ ఉన్నాయి. వేసవిలో దిగువకు నీరు తగ్గిపోతుంది. నది మధ్యలో ద్వీపాల్లా ఉండే తిన్నెలు ఒడ్డుకు కలిసిపోతాయి. ఇంతకుముందు నక్క ఈది వెళ్లాల్సిన చోటికి ఇప్పుడు కాళ్లు తడవకుండా నడిచి వెళుతుంది. ఒక తిన్నె మీద వరుసగా తవ్విన గూళ్లు, ఎండిన పెంకులు చూశాను. ఒక్కటి మిగల్లేదు. మరోసారి పైనుంచి ఉన్నట్టుండి నీరు వదిలితే తిన్నెలే మునుగుతాయి. 300కు 300 పోయే చోట ఆ రెండూ ఎక్కడి నుంచి వస్తాయి?

వైశాఖి గారికి ఇంకో సంగతి. ఆ మడి దగ్గర కూర్చున్న పెద్దాయన ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రాత్రింబవళ్లు ఆ ఒడ్డునే ఉంటాడు. ఆయన ఉన్నంతమేరా రాత్రి వల వేసేవాళ్లు రారు, ఇసుక ట్రాక్టరు దిగదు, పాదు పెట్టేవాడు ముందు ఆయన్ని అడిగి పెడతాడు. పిల్లలు ఎన్ని పుట్టాయన్నది లెక్క రాసుకుంటారు. ఆయన కూర్చోవడం వల్ల ఎన్ని తల్లులు బతికాయో ఎవరూ రాసుకోరు. నా మటుకు నాకు ఈ పని మొత్తంలో అసలు విలువ ఆ మనిషిదే. 2006 నుంచి తాబేళ్లను కాపాడే టర్టిల్ సర్వైవల్ అలయన్స్ సంస్థ వాళ్లు అక్కడ చేస్తున్న పనిలో నాకు నచ్చినదీ ఇదే, ఒడ్డు పల్లెల మనుషుల్నే కాపలా పెట్టుకోవడం.

వైశాఖి | బుధవారం, రాత్రి 10.05

ఇది నేను ఆలోచించలేదు. మా హేచరీలో కాపలా ఉన్న అప్పారావు మావయ్యకు సీజను అయ్యాక పని ఉండదు. ఆరు నెలలు అతను మళ్లీ వలకే పోతాడు. మేము ఆ వైపు ఏమీ చేయలేదు.

గోదారి ట్రాక్టరు | గురువారం, ఉదయం 7.20

అన్నీ చదివాను. నాకు ట్రాక్టరు ఉంది, ర్యాంపు నుంచి ఇసుక తోలుతాను. మీ అందరికీ ఇళ్లు ఉన్నాయి, అవి ఇసుకతోనే లేచాయి. మా ఊళ్లో ఈ పని మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. తాబేలు కోసం ఇసుక ముట్టుకోవద్దంటే మేము ఏం చేయాలో కూడా చెప్పండి. కోపంతో అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

చర్మణ్వతి | గురువారం, ఉదయం 8.45

నిజంగా అడిగారు కాబట్టి నిజంగానే చెబుతాను. ఇసుకంతా ముట్టుకోవద్దని ఎవరూ అనరు. చంబల్ అభయారణ్యంలో తవ్వకం నిషేధం, అది ఒక నదిలో కొంత భాగం మాత్రమే. తాబేలు ప్రతి తిన్నె మీదా గుడ్లు పెట్టదు. లోతు నీటి పక్కన ఎత్తుగా, మెత్తగా, వరద తొందరగా అందని తిన్నె చూసుకుంటుంది. అలాంటివి వెతికితే కొన్నే ఉంటాయి. లారీకి దారి పడేదీ, ఇసుక శుభ్రంగా ఉండేదీ కూడా అలాంటి చోటే కావడం మన దురదృష్టం. ఒకసారి తవ్వి గుంట చేసిన తిన్నె మళ్లీ మేట వేయాలంటే పెద్ద వరద ఇసుక తేవాలి. పైన ఆనకట్టలు ఉన్న నదిలో అంత ఇసుక రాదు. ఏ తిన్నె వదిలేయాలో, ఏ నెలల్లో వదిలేయాలో ఒడ్డున ఉన్నవాళ్లతో కూర్చుని తేల్చాలి. మీలాంటివాళ్లు లేకుండా పైవాళ్లు గీసిన గీత నిలవదు.

గోదారి ట్రాక్టరు | గురువారం, రాత్రి 9.15

మా ర్యాంపుకు ఎగువన గట్టు మీద గుడ్లు దొరికేవి. చిన్నప్పుడు గోళీల్లా ఆడుకున్నాం. అవి ఏ తాబేలువో ఎప్పుడూ చూడలేదు. ఈ ఏడు చూస్తాను. ఆ చోటికి బండి దింపను, మా వాళ్లకూ చెబుతాను.

నల్లమల నీడ | శుక్రవారం, సాయంత్రం 6.30

గోదారి గారూ, తప్పకుండా చూడండి, ఫోటో తీయండి, ముట్టుకోకండి. మన నదుల సంగతి కూడా ఇక్కడ రాయాలి. కృష్ణ, గోదావరుల్లో లీత్ మెత్త డిప్ప తాబేలు అని ఒకటి ఉంది. దక్కను నదులదే, దేశం బయట లేదు. 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటిస్ (అరుదైన ప్రాణుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) సమావేశంలో మన దేశం కోరగా దాన్ని మొదటి అనుబంధంలోకి మార్చారు. తిలకం తాబేలును కూడా అదే సమావేశంలో అలాగే మార్చారు. అంటే దేశాల మధ్య వ్యాపారానికి పూర్తిగా తలుపులు మూసినట్టు. కానీ ఇంట్లో జరిగే వ్యాపారం మాటేమిటి? గోదావరి డెల్టా చెరువుల్లో పట్టిన తాబేళ్లు బస్తాల్లో ఒడిశా వైపు వెళుతూ పట్టుబడిన వార్తలు ఏటా చూస్తున్నాం. బండి అడుగున ఒకదాని మీద ఒకటి పడేసి, పైన కూరగాయలు కప్పి. మనం చంబల్ గురించి బాధపడడం మంచిదే, ఆ బస్తాలు మన ఊరి మీదుగానే వెళుతున్నాయి.

నాగావళి ఒడ్డు | శుక్రవారం, రాత్రి 11.50

ఈ మూడు రోజులు రాత్రి భోజనాలయ్యాక మీరు రాసినవన్నీ అమ్మకు చదివి వినిపిస్తున్నాను. తడి ఇసుకలో పదిహేడు గీతల దగ్గర మళ్లీ చదవమంది. ఈ రోజు నల్లమల గారిది చదివాక చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మరి మన నూతిలోది?" అంది.

మా పెరటి నూతిలో తాబేలు ఉంది. నీళ్లు శుభ్రంగా ఉంటాయని నాన్న వేశారు. నేను అప్పటికి ఆరో తరగతి. పాతికేళ్లు దాటింది. అమ్మ పొద్దున్నే నాలుగు మెతుకులు వేస్తే పైకి వస్తుంది. అది తప్పు అని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఏం చేయమంటారు? నాగావళిలో వదిలేయమంటారా?

నల్లమల నీడ | శనివారం, ఉదయం 6.15

వదలకండి, దయచేసి. ఎక్కువమంది నూతుల్లో వేసేది చెరువు తాబేలు, అడుగున మడతలతో కాళ్లు మూసుకునే రకం. వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. మనంతట మనం నదిలో వదిలితే ఆ నీటికి అలవాటు పడక చావవచ్చు, పాతికేళ్లుగా నూతిలో ఉన్నదానికి ఏ జబ్బు ఉందో తెలియదు, అది నదిలో మిగతావాటికి అంటవచ్చు. అటవీశాఖ రేంజి కార్యాలయానికి మీరే వెళ్లి చెప్పండి. వాళ్లు వచ్చి తీసుకుని, పశువైద్యుడికి చూపించి, ఎక్కడ వదలాలో నిర్ణయిస్తారు.

లెక్కల మాస్టారు | శనివారం, ఉదయం 7.00

మా ఊళ్లో ఇప్పటికీ కనీసం అయిదు నూతుల్లో ఉన్నాయి. ఈ మాట నేనూ వెళ్లి చెబుతాను.

నాగావళి ఒడ్డు | మూడు వారాల తరవాత, ఆదివారం

ఆలస్యానికి మన్నించండి. నిన్న అటవీశాఖ నుంచి ఇద్దరు వచ్చారు. నూతిలోకి దిగే మెట్లు శిథిలమయ్యాయి, అందుకని గంపకు తాడు కట్టి, అందులో మెతుకులు వేసి దించారు. రెండు గంటలు రాలేదు. చివరికి అమ్మ వచ్చి గట్టు మీద చెంబుతో తట్టింది, రోజూ తట్టినట్టే. పైకి తేలింది. గంపలోకి ఎక్కాక నెమ్మదిగా లాగారు.

పాతికేళ్లలో దాన్ని ఎండలో చూడడం అదే మొదటిసారి. నేను అనుకున్నదానికంటే పెద్దది. డిప్ప మీద ఒక పక్క పాత గాటు ఉంది, బొక్కెన తగిలినది కాబోలు. తిరగేసి చూపించారు, నల్లమల గారు చెప్పినట్టే కాళ్లు లోపలికి తీసుకుని తలుపులు వేసుకున్నట్టు మడతలు మూసుకుంది. ఆడది అన్నారు. అమ్మ ఆ మాట విని, "ఒక్కతీ ఉండిపోయింది అన్నేళ్లూ" అంది, ఇంకేమీ అనలేదు. తడి గోనెపట్టాలో పెట్టి పెట్టెలో తీసుకువెళ్లారు. పశువైద్యుడు చూశాక ఏ చెరువులో వదిలేదీ ఫోను చేసి చెబుతామన్నారు. ఆ రోజు అమ్మను కూడా తీసుకువెళతాను.

చర్మణ్వతి గారూ, ఫిబ్రవరి చివర్లో చంబల్ వెళితే గుడ్లు పెట్టే కాలం అన్నారు. ఆగ్రా నుంచి ఎలా వెళ్లాలో, ఎవరి అనుమతి తీసుకోవాలో రాయగలరా? అమ్మ అడగమంది.